సముద్రపుటొడ్డున ఒకనాటి కాలినడక



మన మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల వారికి కొండ తెలియును, అడవి తెలియును, నీటి యెద్దడి మఱింత బాగుగా తెలియును. సముద్రము మాత్రము అంతగా తెలియదు. ఒంగోలు వైపు చుట్టఱికమునకు పోయినపుడు కొత్తపట్నమున ఒక మునుక వేసి వచ్చుటతో మన సముద్ర పరిచయము ముగియును. కావున ఈనాడు నేను సముద్రమును గుఱించి మాటలాడబూనుట మీకు వింతగా తోచవచ్చును. దానికొక కారణము గలదు.

నేను తెలుగు పండితుడనే యైనను, చిన్నబడి యగుటచే భూగోళమును గూడ నేనే చెప్పవలసి వచ్చెడిది. "నేల సముద్రములోనికి పొడుచుకొని పోయిన చోటు అగ్రము" అని పిల్లలచేత వల్లెవేయించుచుంటిని. ఒకనాడొక బాలుడు లేచి, "అయ్యవారూ, నేల ముందుకు పోతే అలలు దాన్ని కోసెయ్యవా? అదెట్లా నిలిచింది?" అని యడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు మాఱుగా, "కూర్చోరా, అది పరీక్షలో రాదు" అంటిని. వాడు కూర్చుండెను. ఆ ప్రశ్న మాత్రము నా మనస్సున నిలుచుండియే యున్నది. ఉద్యోగము విరమించిన పిదప ఆ బాకీ తీర్చుకొనదలచి, విశాఖపట్టణము నుండి భీమునిపట్టణము వఱకు ఒక్క దినమున తీరము వెంబడి నడచితిని. దూరము సుమారు 16 మైళ్ళు, అనగా దాదాపు 25 కిలోమీటర్లు.

మన కొత్తపట్నము తీరమును విడిచి అంతదూరము పోనేల యందురా? మన తీరము చదునైన యిసుకనేల. మన కొండలు కడలికి చాల దూరముననే నిలిచిపోయినవి. విశాఖ యొద్దనో, తూర్పుకనుమలు సముద్రములో కాలు మోపినవి. కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ ఒకదాని వెంట నొకటి ఒడ్డుననే నిలిచియున్నవి. కొండకును కొండకును నడుమ ఒంపు తిరిగిన యిసుకతిన్నెలు. అగ్రమును చూడవలెనన్న అటకే పోవలెను.

బయలుదేఱుటకు ముందు పంచాంగము చూచుకొంటిని. ముహూర్తమునకు గాదు, పోటుపాటుల కొఱకు. సముద్రపు నీరు దినమునకు రెండుమాఱులు పొంగి, రెండుమాఱులు తీయును. చంద్రుని గతిని బట్టి జరుగునది గనుక ఈ వేళ దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడును. అమావాస్యకు, పున్నమకు సూర్యచంద్రుల యాకర్షణ యొకటియై పోటు బలముగా నుండును. అష్టమినాడు అవి అడ్డముగా లాగుటచే మందగించును. అందుచే నేను అష్టమి నేర్పఱచుకొంటిని. తిథులెఱిగిన మనవంటి వారికి సముద్రము ఈ మాత్రము చుట్టమే.

తెల్లవాఱకముందే రామకృష్ణా తీరమున నడక మొదలిడితిని. అచ్చట ఒడ్డుననే కురుసుర యను జలాంతర్గామి నౌక గలదు. 1969లో నౌకాదళమున చేఱి, 2001లో సేవ చాలించి, 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. దానిని దాటగానే చెప్పులు చేతబట్టితిని. ఇసుకలో నడచుటకొక మర్మము గలదు. పొడియిసుకలో అడుగు జాఱును. నీటిలోని యిసుకలో అడుగు దిగబడును. కెరటము అప్పుడే విడిచిపోయిన తడియిసుక మాత్రము కళ్ళము వలె గట్టిగా నుండును. ఱేణువుల నడుమ మిగిలిన కొద్దిపాటి తడి వానిని ఒకదానికొకటి పట్టియుంచుటయే దానికి కారణము. అయినను ఒడ్డు వాలుగా నుండుటచే ఒక కాలు పల్లమున, ఒక కాలు మెఱకన పడి మోకాలు నొచ్చును. నడుమనడుమ గట్టెక్కి చదునున నడచుట మేలు.

ఋషికొండ చేఱునప్పటికి ఎండ యెక్కెను. అచ్చట గట్టుమీద కూర్చుండి కెరటములను చాలసేపు చూచితిని. నా బాకీకి జవాబు అచ్చటనే దొరకినది. కళ్ళములో పశువులను కట్టి త్రొక్కించునపుడు లోపలి యెద్దు మెల్లగాను, వెలుపలి యెద్దు వడిగాను నడచును. అందుచే వరుస తిరుగును గదా. కెరటమును అట్లే. అగ్రము ముందఱ నీరు లోతు తక్కువ గనుక కెరటపు ఆ భాగము నెమ్మదించును. ఇరుప్రక్కల లోతున్నచోట వడిగా వచ్చును. దానిచే కెరటపు వరుస వంగి, మూడు వైపుల నుండి అగ్రము మీదికే విఱుచుకొని పడును. ఒంపులలో దాని బలము పలుచనై యిసుక తేఱుకొనును. అనగా బాలుడనిన మాట నిజమే: అలలు అగ్రమునే యెక్కువగా కొట్టును. అయినను అచ్చటి గట్టి ఱాయి మెల్లమెల్లగా మాత్రమే అఱుగును. మెత్తనిది ముందే పోగా మిగిలిన గట్టిదే అగ్రము.

మంగమారిపేట యొద్ద అలలు తొలిచిన ఱాతి తోరణ మొకటి గలదు. నేను చేఱునప్పటికి పోటు మొదలైనది. అష్టమి గదా యను ధీమాతో ఱాళ్ళమీదుగా పోబోయితిని. నాచుపై కాలు జాఱి నడుము వఱకు తడిసితిని, అఱచేయి గీచుకొనిపోయెను. వల సవరించుకొనుచున్న జాలరి యొకడు కేకవేసెను: "తాతా, ఆ రాళ్ళ మీదికెల్లకండి! నీరెక్కుతున్నాది. గట్టెక్కి పైదారినెల్లండి." నేను తిథి చూచితినే గాని నేల చూడనైతిని. ఆయన బడి ఆ యొడ్డే. ఆనాడు నేను ఆయనకు విద్యార్థినైతిని.

మధ్యాహ్నము దాటిన పిదప ఎఱ్ఱమట్టి దిబ్బలు చేఱితిని. పేరునకు మట్టియే గాని అది పురాతనమైన యిసుక. భూమి మంచుయుగమున నుండగా సముద్రము వెనుకకు తగ్గెను. బయల్పడిన యిసుకను గాలి దిబ్బలుగా పోసెను. అందులోని యినుము తరువాతి కాలమున గాలికి, తడికి తుప్పుపట్టి ఎఱ్ఱనాయెను. ఇట్టివి తమిళనాడునను, సింహళమునను గలవు. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని జాతీయ వారసత్వ స్థలముగా గుర్తించినారు. వానకే కోసుకొనిపోవు ఆ మెత్తని దిబ్బలు పారకు, గడ్డపలుగుకు ఎంతకాలము నిలుచును?

ఇసుక యనిన మనకు గూడ సంబంధము గలదు. నైరృతి గాలికాలమున కెరటములు ఏటవాలుగా తగిలి యిసుకను దక్షిణము నుండి ఉత్తరమునకు తోసికొనిపోవును. 1976లో విశాఖ వెలుపలి రేవు ఏర్పడగా దాని గోడలు ఈ యిసుక నాపినవి. పట్టణపు ఒడ్డు కోసుకొనిపోకుండ, ఆగిన యిసుకను తోడి ఆవలి తీరమున పోయుచున్నారు. ఒడ్డునకు ఇసుకనిచ్చునవి నదులే. నల్లమలలో పుట్టి, కంభము చెఱువును నింపి, మన సీమ దాటి సముద్రమున కలియు గుండ్లకమ్మయు అందొకటి. 2008లో మల్లవరము యొద్ద దానికి జలాశయ మేర్పడినది. నేను మెట్టసీమ వాడను, కట్ట వలదనను. ఏటి యిసుకను బండ్లకెత్తునపుడు మాత్రము, ఎక్కడనో ఒక జాలరి వాకిలి కోసుకొనిపోవునని తలచుట మంచిది.

ప్రొద్దు వాలుచుండగా భీమునిపట్టణము కనబడెను. గోస్తనీనది సముద్రమున కలియు చోటది. పదునేడవ శతాబ్దమున డచ్చివారు వర్తకమునకు వచ్చి నిలిచిన యూరు. వారి సమాధులు నేటికిని గలవు. 1861లోనే పురపాలక సంఘ మేర్పడినది. ఆ యొడ్డున తడియిసుకపై నీరు విడిచిన సన్నని అలగీతలను చూచి ఆగిపోతిని. ఆ గీతలు నాకు క్రొత్తవి గావు. నల్లమల బండలపై చిన్ననాటి నుండి చూచుచున్నవే! నూఱుకోట్ల యేండ్లకు పూర్వమే మన ప్రాంతము సముద్రగర్భమున నుండెనని, అడుగున పేరుకొనిన యిసుక బండయై, బురద పలకఱాయి యైనదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నేను "అగ్రము" అని వ్రాసి చూపిన మార్కాపురపు పలకయే ఒకనాటి సముద్రపు అడుగు. అది చేతబట్టుకొని, సముద్రము నెఱుగనంటిని.

ఊరు చేఱిన మఱునాడు ఆ బాలుని యింటికి పోయితిని. ఇప్పుడు మిరపతోట పెట్టుకొని, పిల్లలు గల గృహస్థు. జవాబు చెప్పగా, "నేనా ప్రశ్న అడిగినట్టే గుర్తులేదు అయ్యవారూ" అని నవ్వెను. అతని కుమారుడు మాత్రము దగ్గఱకు జరిగి, "మఱి ఆ సముద్రం ఎక్కడికి పోయింది తాతా?" అని యడిగెను. ఈమాఱు నేను కసరలేదు. "నాకు తెలియదు నాయనా, కనుగొని చెప్పెదను" అంటిని.

మీ మనుమలు అడిగినపుడు మీరును అట్లే చెప్పుదురుగాక. సెలవు.