ఈతకొలను గొట్టాల శీతాకాల సంరక్షణ

ఇంటి ఈతకొలనుకు సంబంధించిన గొట్టాలు, పంపు, వడపోత తొట్టి, హీటరు మొదలైనవాటిలోని నీరు చలికి గడ్డకట్టి వాటిని పగులగొట్టకుండా తీసుకొనే జాగ్రత్తలను ఈతకొలను గొట్టాల శీతాకాల సంరక్షణ అంటారు. కెనడాలోను, అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర ప్రాంతాలలోను పెరటిలో ఈతకొలను ఉన్నవారు శరదృతువు చివర ఏటా చేయవలసిన పని ఇది. టెక్సస్ వంటి దక్షిణ రాష్ట్రాలలో సాధారణంగా కొలనును మూసివేయరు. అక్కడ వేరొక పద్ధతి వాడుకలో ఉన్నది. తెలుగునాట మైదాన ప్రాంతాలలో నీరు గడ్డకట్టేంత చలి ఉండదు కనుక ఈ అవసరం రాదు.

గొట్టాలు ఎందుకు పగులుతాయి?

నీరు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యధిక సాంద్రత కలిగి ఉంటుంది. గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. కొలనులో మంచు పైన తేలుతూ, అడుగు నీటికి దుప్పటిలా పనిచేస్తుంది. అందువలన లోతైన కొలను అడుగుదాకా గడ్డకట్టడం అరుదు. గొట్టంలో పరిస్థితి వేరు. ఒకచోట ఏర్పడిన మంచు బిరడాలా అడ్డుపడి, పెరిగేకొద్దీ మిగిలిన నీటిని మూసి ఉన్న కవాటం వైపు నెడుతుంది. నీటిని నొక్కి చిన్నది చేయడం దాదాపు అసాధ్యం కనుక పీడనం విపరీతంగా పెరిగి గొట్టం పగులుతుంది. పగులు మంచు ఉన్నచోటనే రావాలని లేదు.

గొట్టాలను లోతుగా పాతితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. మిన్నెసోటా రాష్ట్రంలో నేల గడ్డకట్టే లోతును దృష్టిలో ఉంచుకొని భవనాల పునాదులకు దక్షిణ భాగంలో 42, ఉత్తర భాగంలో 60 అంగుళాల కనీస లోతును నిర్ణయించారు. కొలను గొట్టాలు సాధారణంగా అంత లోతున ఉండవు. పైగా అవి ఎక్కడో ఒకచోట నేలపైకి వచ్చి పంపును చేరక తప్పదు. నేలలోని పగులు వసంతంలో పంపు నడిపినప్పుడు గాని బయటపడదు. దానిని బాగుచేయడానికి కొలను చుట్టూ ఉన్న కాంక్రీటును తవ్వవలసి రావచ్చు.

నీటిని ఖాళీ చేసే పద్ధతి

నీటిమట్టం వద్ద గోడలో ఉండి ఆకులను లాగుకొనే పెట్టెను స్కిమ్మరు అంటారు. స్కిమ్మరు నుండి, అడుగునున్న మెయిన్ డ్రెయిన్ నుండి పంపు నీటిని లాగుతుంది. ఆ నీరు వడపోత తొట్టి, హీటరు మీదుగా వెళ్ళి, గోడలోని రిటర్ను రంధ్రాల ద్వారా తిరిగి కొలనులో పడుతుంది.

చలి ప్రాంతాలలో ముందుగా నీటిమట్టాన్ని స్కిమ్మరు నోటికి దిగువగా తగ్గిస్తారు. కొలనును పూర్తిగా ఖాళీ చేయరాదు. భూగర్భజలం పైకి నెట్టడం వలన ఖాళీ కొలను నేలలోనుండి పైకి లేచిన సందర్భాలు ఉన్నాయి. తరువాత పంపు, వడపోత తొట్టి, హీటరుల అడుగు బిరడాలు విప్పి నీటిని వదులుతారు. గొట్టాలలోకి గాలిని ఊది, రిటర్ను రంధ్రం నుండి బుడగలు వచ్చాక దానిని రబ్బరు బిరడాతో మూస్తారు. మూతలు బిగించి ఉన్న వడపోత తొట్టిలోకి కంప్రెసరు గాలిని ఎన్నడూ పంపరాదు. తొట్టి పేలి ప్రాణాపాయం కలుగవచ్చు.

మెయిన్ డ్రెయిన్ నీటి అడుగున ఉంటుంది కనుక దానికి బిరడా పెట్టడం కష్టం. ఆ గొట్టంలోకి గాలి ఊది, అడుగునుండి బుడగలు పైకి వస్తుండగానే పైనున్న కవాటాన్ని మూసివేస్తారు. బోర్లించిన గ్లాసును బకెట్టు నీటిలో ముంచితే లోపలి గాలి నీటిని రానీయదు. ఇక్కడ పనిచేసేది కూడా ఆ సూత్రమే.

నీరు మిగిలిందని అనుమానమున్న గొట్టాలలో ప్రొపిలీన్ గ్లైకాల్ గల ద్రవాన్ని పోస్తారు. కార్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దానిని వాడరాదు. స్కిమ్మరులో కొంచెం కంకర వేసి మూత బిగించిన ప్లాస్టిక్ సీసాను ఉంచడం పాత ఉపాయమే అయినా మంచిది. మంచు వ్యాకోచించినప్పుడు గోడకు బదులు సీసా నలుగుతుంది.

నీటిని కదిలించే పద్ధతి

దక్షిణాది రాష్ట్రాలలో గాలి ఉష్ణోగ్రత సుమారు 3 లేక 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగగానే పంపు దానంతట అదే నడిచే ఏర్పాటు ఉంటుంది. కదిలే నీరు గడ్డకట్టదని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. కొలనులోని అధిక జలరాశి ఆలస్యంగా చల్లబడుతుంది. ఆ కాస్త వెచ్చని నీరు గొట్టాలలోకి నిరంతరం వస్తూ ఉండడమే ఇక్కడి రక్షణ.

ఈ పద్ధతి విద్యుత్తుపై ఆధారపడినది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుఫానులో టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్ళకు, వ్యాపార సంస్థలకు విద్యుత్తు నిలిచిపోయింది. ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయం వద్ద ఉష్ణోగ్రత సుమారు మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ పరిసరాలు కూడా ఈ కోతకు లోనయ్యాయి. పంపులు ఆగిపోవడంతో అనేక కొలనుల పంపులు, వడపోత తొట్టిలు, నేలపై ఉన్న గొట్టాలు పగిలిపోయాయి.

ఇటువంటి సమయంలో కరెంటు వస్తుందని ఎదురుచూడడం కంటే నీటిని వదలివేయడమే మేలు. మొదట పంపు బ్రేకరును ఆపాలి. లేనిచో కరెంటు రాగానే పంపు నీరు లేకుండా తిరిగి పాడవుతుంది. హీటరుకు గ్యాసు ఆపి, వడపోత తొట్టిపై ఉన్న గాలి కవాటాన్ని తెరచి, అన్ని అడుగు బిరడాలను విప్పాలి. విప్పిన బిరడాలను పంపు బుట్టలోనే వేసి ఉంచితే తరువాత వెదకనక్కరలేదు. నేలపై ఉన్న గొట్టాలకు దుప్పట్లు చుట్టడం కొంత ఆలస్యం కలిగిస్తుందే కాని, లోపల నీరున్నంతవరకు అపాయాన్ని తప్పించదు.

తిరిగి ప్రారంభించుట

చలి తగ్గిన తరువాత బిరడాలు బిగించి, పంపులో నీరు నింపి, మనిషి దగ్గర ఉండగా నడపాలి. పంపు బుట్టలో బుడగలు ఆగకుండా వస్తుంటే నీటిని లాగే వైపు గాలి చొరబడుతున్నదని గ్రహించాలి. పంపు నడుస్తున్నప్పుడే నీటిమట్టం త్వరగా తగ్గుతుంటే తిరిగి పంపే గొట్టంలో పగులు ఉండవచ్చు. అప్పుడు ఒక్కొక్క గొట్టాన్ని విడిగా మూసి, పీడన పరీక్ష చేయించిన తరువాతనే కాంక్రీటు తవ్వాలి.