పాము పెట్టెలో టేపు వద్దు!

* థర్మామీటరు వైరు జారితే కాలేది మూగజీవం పొట్టే
* దేశీ పామును పెంచితే నేరం.. విదేశీ పాముకు నమోదు తప్పనిసరి

బండ్రి (సండూరు తాలూకా): పాము అంటే బండ్రి జనానికి కొత్తేమీ కాదు. మొక్కజొన్న చేల గట్ల మీద, రాళ్ల కుప్పల్లో, గడ్డివాముల్లో ఎప్పుడో ఒకప్పుడు కనబడుతూనే ఉంటుంది. కన్నడంలో కేరె హావు అన్నా, తెలుగులో జెర్రిపోతు అన్నా ఎలుకల్ని తినే రైతు నేస్తమే. నాగర పంచమికి పుట్టకు పాలు పోసి దండం పెట్టుకుంటారు. ఇంట్లోకి వస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది.

అలాంటి పామును పెట్టెలో పెట్టి పెంచడం అంటే ఇక్కడి పెద్దలకు విడ్డూరం. బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాల్లో మాత్రం ఆ సరదా ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్, అమెరికాకు చెందిన కార్న్ స్నేక్.. ఇవి విషం లేనివి. చదువుకో, కొలువుకో నగరం వెళ్లిన కుర్రాళ్లు సెల్‌ఫోన్లలో వీటిని చూసి ముచ్చటపడుతుంటారు. ముచ్చట సరే, పెట్టెలో వేడి సంగతి? అక్కడే ఉంది తిరకాసు.

ఒంట్లో పొయ్యి లేదు

మనిషికి, ఆవుకు, కోడికి ఒంట్లోనే వేడి పుడుతుంది. పాముకు అది లేదు. ఎండ తగిలితే వెచ్చబడుతుంది, నీడకు పోతే చల్లబడుతుంది. తిన్నది అరగాలన్నా వెచ్చదనం కావాలి. అందుకే పెట్టెలో ఒక పక్క వేడిగా, మరో పక్క చల్లగా ఉంచుతారు. బాల్ పైథాన్‌కు వేడి పక్క 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని పక్క 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. ఎటు కావాలంటే అటు అదే జరుగుతుంది.

ఈ లెక్క చూసేది థర్మామీటరు. వైరు చివర గింజంత సెన్సరు ఉంటుంది. దాన్నే ప్రోబు అంటారు. వేడి ఎక్కువైతే హీటరును ఆపే థర్మోస్టాటుకూ ఇలాంటి ప్రోబే ఉంటుంది. కోళ్ల ఫారంలో పిల్లలకు బల్బు పెట్టి వేడి చూసుకునే వారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

టేపుతో తంటా

ప్రోబును గోడకు టేపుతో అంటించడం చాలామంది చేసే తప్పు. పాము ఊరికే ఉండదు. మూలమూలలా తల దూర్చి, ఒళ్లు రాసుకుంటూ తిరుగుతుంది. వేడికి, తేమకు టేపు అంచు లేస్తుంది. అది పొలుసులకు పట్టుకుంటుంది. విడిపించుకోవాలని పాము గింజుకునే కొద్దీ మరింత చుట్టుకుంటుంది. మనం గట్టిగా లాగామా, పొలుసులతో పాటు చర్మమూ ఊడొస్తుంది. కుబుసం విడిచే రోజుల్లో అయితే ఇంకా ప్రమాదం.

పొరపాటున అంటుకుంటే లాగకూడదు. దూదికి వంటనూనె రాసి టేపు అంచున నెమ్మదిగా అద్దాలి. జిగురు మెత్తబడ్డాక తల వైపు నుంచి తోక వైపు కొంచెం కొంచెంగా తీయాలి. కన్ను, నోరు, మలద్వారం దగ్గర అంటుకుంటే ఇంటి వైద్యం వద్దు, పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

ప్రోబు జారితే నిప్పే

టేపు ఊడి ప్రోబు జారినా కష్టమే. థర్మోస్టాటు ప్రోబు చల్లని పక్కకో, నీళ్ల గిన్నెలోకో పడిందనుకుందాం. అది 'ఇంకా చల్లగానే ఉంది' అని లెక్కేసుకుంటుంది. హీటరు ఆగకుండా మండుతూనే ఉంటుంది. కింది నుంచి వచ్చే వేడి మితిమీరినా చాలా పాములు వెంటనే పక్కకు జరగవు. తెల్లారి చూస్తే పొట్ట కింద బొబ్బలు! మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

ఇలా బిగించాలి

పెట్టె గోడకు వైరు పట్టేంత చిన్న రంధ్రం వేసి, ప్రోబును బయటి నుంచి లోపలికి తీసుకోవాలి. లోపల వైరు ఎంత తక్కువుంటే అంత మేలు. ఉచ్చులా వదులుగా వేలాడితే పాము అందులో తల దూరుస్తుంది. గోడకు చిన్న క్లిప్పు స్క్రూతో బిగించి, ప్లాస్టిక్ ట్యాగుతో వైరును కట్టేయాలి. ట్యాగు కోసిన కొస గీసుకోకుండా నున్నగా చేయాలి.

రంధ్రం వేయలేని గాజు పెట్టె అయితే వేడి జిగురు గన్నుతోనో, అక్వేరియం సిలికాన్‌తోనో అతికించొచ్చు. అయితే పామును బయటికి తీశాకే ఆ పని చేయాలి. సిలికాన్ పూర్తిగా ఆరి, వాసన పోయేదాకా పామును లోపల పెట్టకూడదు. గాజుకు అతుక్కునే రబ్బరు గిన్నెలను నమ్మితే రెండు రోజులకే ఊడిపోతాయి.

హీటు మ్యాటు పెట్టె అడుగున బయట ఉంటే, థర్మోస్టాటు ప్రోబును మ్యాటుకు, పెట్టెకు మధ్య బయటే బిగించాలి. పాముకు అందదు కాబట్టి అక్కడ టేపు వేసినా ఫరవాలేదు. లోపల మాత్రం ఇంకో థర్మామీటరు ఉండాల్సిందే. దాని ప్రోబు గోడ పైన కాదు, పాము పడుకునే ఎత్తులో ఉండాలి.

బిగించే ముందు ఒక పరీక్ష. ప్రోబు నీళ్లకు తట్టుకునేదైతే, దంచిన ఐసులో కాసిని నీళ్లు పోసి అందులో ముంచాలి. కొద్దిసేపటికి అంకె సున్నా దగ్గర నిలవాలి. తేడా బాగా ఉంటే మార్చేయడమే. కరెంటు పోయి వచ్చాక కొన్ని థర్మోస్టాట్లు పాత సెట్టింగును మరచిపోతాయి. అదీ చూసుకోవాలి.

బళ్లారి ఎండకు హీటరెందుకు?

వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల ఇంట్లో పెట్టె పెడితే హీటరు అక్కర్లేదు, అదే కొలిమి అవుతుంది. 35 దాటి నిలిస్తే బాల్ పైథాన్‌కు గండమే. కాబట్టి మన ప్రాంతంలో థర్మామీటరు పని వేడి పెంచడం కంటే, ముప్పును ముందే చెప్పడం. పెట్టెను మిద్దె ఇంట్లో నడింట, నేలకు దగ్గరగా ఉంచాలి. కిటికీ ఎండ తగలకూడదు. చలికాలం రాత్రుళ్లే హీటరు అవసరం పడుతుంది.

తల్లి వేడి కొలిచారు

పాములన్నీ చల్లని జీవులే అనుకుంటాం. గుడ్లు పెట్టిన ఆడ కొండచిలువ దారి వేరు. గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలు అదిరిస్తూ వేడి పుట్టిస్తుంది. 1841లో పారిస్‌లో వాలెన్సియెన్ అనే శాస్త్రవేత్త థర్మామీటరు పెట్టి ఈ సంగతి చూపారు. 1966లో అమెరికా పరిశోధకులు మళ్లీ కొలిచి నిర్ధారించారు.

చట్టం ఏమంటోంది?

నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ.. మన దేశపు పాము ఏదైనా సరే పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జైలు, జరిమానా తప్పవు. బాల్ పైథాన్ లాంటి అంతర్జాతీయ ఒప్పంద జాబితాలోని విదేశీ జీవులకు 2022 చట్ట సవరణతో నమోదు తప్పనిసరైంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ 2.0 పోర్టల్‌లో వివరాలివ్వాలి. కాగితాలు లేకుండా కొంటే దొంగ సరుకును ప్రోత్సహించినట్టే. 2023 సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో పట్టుబడిన పెట్టెల్లో 55 బాల్ పైథాన్లు, 17 నల్లత్రాచులు (రాచనాగులు) దొరికాయి. వాటితో పాటు తెచ్చిన ఆరు కోతులు అప్పటికే చచ్చిపోయాయి.

ఇక ఇంట్లోకి పాము దూరితే పట్టే సాహసం వద్దు. దూరంగా నిలబడి, అది ఎటు పోతోందో కనిపెడుతూ అటవీశాఖకు కబురు చేయాలి. కరిస్తే నాటు మందుల జోలికి పోకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి చేరాలి. చేలో పాముకు ఎండా నీడా తనే వెతుక్కునే స్వేచ్ఛ ఉంది. పెట్టెలో పాముకు మనం బిగించిన ప్రోబే దిక్కు.