నూట అరవై చదరపు అడుగుల లెక్క

2025 ఆగస్టు 14న ముంబయిలో 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళం చెవులు ఇచ్చారు. వర్లీలో పాత చాల్ (వరసగా గదులుండే కార్మికుల భవనం) కూల్చకముందు ఆ ఒక్కో కుటుంబం ఉన్నది 160 చదరపు అడుగుల గదిలో. ఇప్పుడు వెళ్లేది 500 చదరపు అడుగుల ఫ్లాటులోకి, అందులో రెండు పడగ్గదులు. పైసా కట్టక్కర్లేదు. సముద్రానికి దగ్గర్లో, కోట్లు పోసినా దొరకని చోట, ఊరికే ఇల్లు. ఇందులో తగవేముంది అనిపిస్తుంది. 2017 ఏప్రిల్‌లో భూమిపూజ జరిగిన దగ్గర్నుంచి మొదటి తాళం చెవి చేతికొచ్చే దాకా ఎనిమిదేళ్లు పట్టిందంటే, ఆ ఆలస్యంలో కొంత కాంట్రాక్టులది, కొంత కరోనాది, కొంత కచ్చితంగా తగవుదే.

ముందు ఆ 160 అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం. మన గజాల్లో చెప్పుకుంటే 18 గజాలకు కాస్త తక్కువ. పది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు ఉన్న ఒక గది అనుకోండి. వంట, పడక, చదువు, పెళ్లిచూపులు, పురుడు అన్నీ అందులోనే. దీన్ని కట్టింది ‘బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్’. 1920లో, జార్జ్ లాయిడ్ బొంబాయి గవర్నరుగా ఉన్నప్పుడు పెట్టిన శాఖ. దాని పొడి అక్షరాలే బీడీడీ. శాఖ మూతపడి దాదాపు శతాబ్దమైనా ఆ మూడక్షరాలు మాత్రం ఇళ్ల చిరునామాల్లో బతికే ఉన్నాయి.

మిల్లు కార్మికుల కోసం 50,000 గదులు కడతామని ఆ శాఖ బయల్దేరింది. ఒక్కో చాల్‌కు నాలుగు వరసలు (నేల, పైన మూడంతస్తులు), వరసకు 20 గదులు, మొత్తం 80. అంటే 625 చాళ్లు లేవాలి. లేచినవి 207. పదహారున్నర వేల గదులన్నమాట, అనుకున్నదాంట్లో మూడో వంతు. సిమెంటు కాంక్రీటు, లోపల ఇనప ఊచలు: అప్పటికి అది కొత్త విద్య. నడి మధ్యలో చీకటి నడవ, అటు పది తలుపులు, ఇటు పది తలుపులు, చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. గిర్గావ్ వైపు పాత చాళ్లకుండే తెరిచిన కర్ర వరండాలు వీటికి లేవు. బర్నెట్-హర్స్ట్ అనే ఆర్థికవేత్త బొంబాయి కూలీల ఇళ్ల మీద 1925లోనే ఒక పుస్తకం వేశారు. ఈ చాళ్లు అప్పటికే విమర్శకు గురయ్యాయి. కట్టిన కొత్తలో వర్లీ గదులు చాలా మటుకు ఖాళీగా పడి ఉండేవి. మిల్లులకు దూరం, అద్దె ఎక్కువ. శాసనోల్లంఘన రోజుల్లో సత్యాగ్రహుల్ని ఉంచడానికి ఆ ఖాళీ చాళ్లనే తాత్కాలిక జైలుగా వాడారు. ఇల్లని కట్టినదాన్నే జైలుగా వాడగలిగారంటే, ఆ నమూనా గురించి ఇంకేం చెప్పాలి?

ఆ తర్వాత గదులు నిండాయి. కొంకణ్ నుంచి, సతారా నుంచి వచ్చిన మిల్లు కార్మికులు, దళిత కుటుంబాలు, పోలీసులు. ముంబయి మిల్లుల మగ్గాల మీద తెలుగు చేతులూ ఉన్నాయి. కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. 1974 జనవరిలో దళిత్ పాంథర్ సభ తర్వాత రేగిన వర్లీ అల్లర్లకు వేదిక ఈ చాళ్లే. 1982లో కార్మిక నేత దత్తా సామంత్ సమ్మెకు పిలుపిచ్చినప్పుడు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానేశారు. చాలా మిల్లులు మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు. మిల్లు భూముల్లో మాల్స్, టవర్లు లేచాయి. చాళ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి, చుట్టూ గజం ధర ఆకాశానికి వెళ్తుంటే.

ఇప్పుడు 207ను విడగొట్టి చూడండి. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషి మార్గ్‌లో 32, శివడీలో 12. పునర్నిర్మాణం మొదలైంది మొదటి మూడు చోట్లే, అంటే 195 చాళ్లలో. శివడీ చాళ్లున్నది పోర్టు ట్రస్టు భూమి మీద. అది కేంద్రం చేతిలోది, మిగతావి రాష్ట్రానివి. ఒకే శాఖ, ఒకే ప్లాను, ఒకే సిమెంటు. కాళ్ల కింద నేల ఎవరిదన్న ఒక్క తేడాతో 960 గదులు లెక్కలోంచి తప్పిపోయాయి. మిగిలిన మూడు చోట్లా మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ‘మాడా’ కట్టాల్సిన ఇళ్లు 15,593. అందులో వర్లీ వాటా 9,689. తొలి విడత 556 ఇళ్లు ఆ వర్లీ వాటాలో వందకు ఆరు కూడా కావు.

మరమ్మతు చేస్తే పోయేది కదా, కూల్చడమెందుకు? ఇది పాత కట్టడాలంటే ప్రేమ ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న. నేనూ అడిగాను. రెండు జవాబులున్నాయి, ఒకటి ఇనుముది, ఒకటి నేలది.

ఇనుముది ముందు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. కాంక్రీటు పాతబడే కొద్దీ ఆ ఉప్పు, తేమ లోపలి ఊచల దాకా దిగుతాయి. ఊచ తుప్పు పట్టిందంటే ఉన్నచోట ఉండదు, ఉబ్బుతుంది. తుప్పు ఇనుము కన్నా రెండు మూడింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు చిట్లి పెచ్చులూడుతుంది. పెచ్చు ఊడితే ఊచ బయటపడుతుంది, బయటపడితే తుప్పు దాన్ని ఇంకా త్వరగా తింటుంది. పైపైన సిమెంటు పూత పూస్తే నాలుగు వానాకాలాలు గడుస్తాయేమో, లోపలి తిండి ఆగదు. నిజమైన మరమ్మతంటే ఊచలు శుభ్రం చేసి, అవసరమైన చోట కొత్తవి కట్టి, మళ్లీ కాంక్రీటు పోయడం. అది సాధ్యమే, ఖర్చుతో కూడింది. అంత చేశాక చేతికొచ్చేది మళ్లీ అదే 160 అడుగుల గది, నడవ చివర అదే ఉమ్మడి మరుగుదొడ్డి. రెండు గదుల్ని ఒకటి చేద్దామంటే సగం కుటుంబాలు ఎక్కడికి పోవాలి?

ఇక నేల లెక్క. 15,593 గదుల్ని 160తో గుణిస్తే దాదాపు 25 లక్షల చదరపు అడుగులు. అదే 500తో గుణిస్తే 78 లక్షలు. పైన వచ్చే 53 లక్షల అడుగులు ఎవరి డబ్బుతో? అద్దెదారు డబ్బుతో కాదు, ఖజానా డబ్బుతోనూ కాదన్నది లెక్క. అక్కడే కట్టి బయటివాళ్లకు అమ్మే ఫ్లాట్ల డబ్బుతో. అందుకోసమే బీడీడీ చాళ్లకు విడిగా 33(9)(బి) అనే నిబంధన తెచ్చి ఎఫ్‌ఎస్‌ఐ 4 ఇచ్చారు. ఎఫ్‌ఎస్‌ఐ అంటే నేల ఎంతుందో దానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చన్న కొలత. వర్లీ స్థలం దాదాపు 60 ఎకరాలు, అంటే 26 లక్షల చదరపు అడుగులు. నాలుగింతలు చేస్తే కోటి దాటుతుంది. పాతవాళ్లకు ఇవ్వాల్సింది 48 లక్షల చిల్లర. ఇది ముతక లెక్క. గోడలు, మెట్లు, లిఫ్టులు, రోడ్లు తీసేస్తే చాలా తగ్గుతుంది. అయినా అమ్మడానికి లక్షల అడుగులు మిగులుతాయి. ‘ఉచితం’ అన్న మాట వెనక ఉన్నది ఇదే. పాత అద్దెదారులు ఎన్నో ఏళ్లుగా పట్టుకుని కూర్చున్న నేలలో కొంత భాగం ఇచ్చి ఇల్లు కొనుక్కుంటున్నారు. దాన్ని దానమనడం నాకు రుచించదు.

ఎత్తు కూడా ఈ లెక్క కడుపులోంచి పుట్టిందే. నాలుగు వరసల చాల్ పోయి వర్లీలో 40 అంతస్తుల టవరు వచ్చింది. పాతవాళ్లందర్నీ నేలలో ఒక మూలకు, నిలువుగా సర్దితే తప్ప అమ్మకానికి చోటు మిగలదు. అయితే నివాసులు వాదించింది కేవలం చదరపు అడుగుల కోసమే కాదు. గది ఖాళీ చేసేముందే ఒప్పందం రిజిస్టరు చేయాలన్నారు, ఖాళీ చేశాక చేతిలో కాగితం లేకపోతే దిక్కెవరని. ఈ భయం ముంబయిలో ఊరికే పుట్టలేదు. తాత్కాలిక వసతి శిబిరాలకు వెళ్లినవాళ్లలో ఏళ్లకేళ్లు అక్కడే ఉండిపోయిన కుటుంబాల కథలు ఆ ఊళ్లో వీధికొకటి.

అన్నిటికన్నా నన్ను ఆపిన అంకెలు మూడు: 50, 25, 15. చాళ్లలో రెండు వేలకు పైగా గదులు పోలీసు శాఖ క్వార్టర్లు. కానిస్టేబులు రిటైరయ్యాడు, కొందరు చనిపోయారు, కుటుంబం అక్కడే ఉండిపోయింది. పక్క తలుపువాడు అద్దెదారు, వీళ్లు ఉద్యోగం ఇచ్చిన గదిలో ఉన్నవాళ్లు. కాబట్టి పక్కింటికి ఉచితమైన ఫ్లాటు వీళ్లకు 50 లక్షలన్నారు. గొడవైంది. 25 లక్షలన్నారు. మళ్లీ గొడవ. చివరికి 15 లక్షలన్నారు. ఇదంతా 2022 ఒక్క ఏడాదిలోనే. ఇల్లు కట్టే ఖర్చు ఆ కొద్ది నెలల్లో 35 లక్షలు తగ్గిందని ఎవరూ అనరు. అంటే ఆ ధర ఖర్చును బట్టి వేసింది కాదు, ఎవరి గొంతు ఎంత దూరం వినిపించిందన్నదాన్ని బట్టి కుదిరింది. నడవలో ఎదురెదురు తలుపుల మధ్య ఆరడుగులు, కాగితం మీద 15 లక్షలు.

ఇంకో చిక్కుంది. మన ఊళ్లలో ఇళ్లను గడపల్లో లెక్కపెడతాం. మాడా కూడా గడపల్నే లెక్కపెట్టింది. ఒక గడప, ఒక ఫ్లాటు. ఒకే గదిలో అన్నదమ్ములు ఇద్దరు, పెళ్లాం పిల్లలతో, ఒకరు పగటి డ్యూటీ ఒకరు రాత్రి డ్యూటీగా సర్దుకున్న ఇళ్లు చాళ్లలో అరుదు కాదు. వాళ్లకు 500 అడుగులంటే ఒక్కొక్కరికి 250. సమానంగా పంచినట్టే కనిపించే లెక్క, లోపల మనుషుల్ని బట్టి మారిపోతుంది.

కట్టడం కాపాడుకుంటే ఏమవుతుందో చూడాలంటే లండన్ వెళ్లాలి. తూర్పు లండన్‌లో బాల్‌ఫ్రన్ టవర్ ఉంది. ఆర్కిటెక్టు ఎర్నో గోల్డ్‌ఫింగర్ గీసిన కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) అద్దె ఇళ్ల టవరు, 1967లో పూర్తయింది, 146 ఇళ్లు. ఎలా ఉంటుందో చూద్దామని ఆయన స్వయంగా 1968లో భార్యతో పై అంతస్తులో రెండు నెలలు కాపురముండి, ఇరుగుపొరుగును పిలిచి షాంపేన్ పోసి కష్టసుఖాలు అడిగారు. (మన ఆర్కిటెక్టుల్లో ఎందరు ఈ పని చేశారు?) 1996లో దానికి వారసత్వ హోదా ఇచ్చారు, 2015లో హోదా ఇంకా పెంచారు. 2007లో కౌన్సిల్ దాన్ని ఒక గృహ సంఘానికి అప్పగించింది. మరమ్మతులకని అద్దెదారుల్ని పంపించారు. తిరిగి రావచ్చనుకున్నవాళ్లు రాలేదు. ఖర్చు తేలాక ఇళ్లన్నీ బయటి మార్కెట్లో అమ్మకానికి పెట్టారు. కాంక్రీటు పదిలంగా ఉంది, 146లో పాతరకం కౌన్సిల్ అద్దె ఇల్లు ఒక్కటీ లేదు. వర్లీలో దీనికి సరిగ్గా తలకిందులు. చాల్ పోయింది, చాల్ మనుషులు ఉన్నారు. రెంటిలో ఒకటే దక్కుతుందంటే నేను వర్లీ వైపే నిలబడతాను, జైలుకు సరిపోయిన కట్టడం మీద కన్నీళ్లు పెట్టలేను.

అయితే రెండూ దక్కిన చోటు కూడా ఉంది. ఫ్రాన్సులోని బోర్డోలో 1960ల నాటి అద్దె ఇళ్ల బ్లాకులు మూడు, మొత్తం 530 ఫ్లాట్లు. లకటోన్, వసాల్ అనే ఆర్కిటెక్టుల జంట వాటిని కూల్చకుండా బయటివైపు గాజు వరండాలు తగిలించింది. అద్దెదారులు ఇంట్లో ఉండగానే పని జరిగింది, అద్దె పెంచలేదు. 2019లో దానికి ఐరోపా ఆర్కిటెక్చర్ బహుమతి వచ్చింది, 2021లో ఆ జంటకు ప్రిట్జ్‌కర్. అయితే అక్కడ ఒక్కో ఇంటికీ వంటిల్లూ స్నానాలగదీ మొదట్నుంచీ ఉన్నాయి. ఖర్చు ప్రజల డబ్బు. పక్కనే టవరు కట్టి అమ్ముకుంటే తప్ప గోడకు సున్నం పడదన్న షరతు అక్కడ లేదు. వర్లీలో ఆ షరతే మొదటి అంకె. మిగతా అంకెలన్నీ దాని వెనక నడిచాయి.

వర్లీ లెక్కే ఇప్పుడు ముంబయిలోని కామాఠీపురాకు వెళ్తోంది. బొంబాయి కట్టడాల్లో రాళ్లు మోసిన తెలుగు కూలీల్ని కామాఠీలనేవారు, ఆ పేట పేరు వాళ్లదే. అక్కడి పునర్నిర్మాణ పథకంలో కూడా చెబుతున్నది 500 అడుగులే. అక్కడ అద్దెదారులతో పాటు సొంత యజమానులూ ఉన్నారు కాబట్టి పంపకం ఇంకా చిక్కు. అక్కడ చుట్టాలున్న వాళ్లుంటే ఒక్క మాట చెప్పండి: అడుగులు ఎన్నని అడిగాక, నెలనెలా మెయింటెనెన్స్ ఎంత, ఎన్నేళ్ల తర్వాత మొదలవుతుంది అని కూడా అడగమనండి. చాల్‌లో నామమాత్రపు అద్దె కట్టిన కుటుంబం 40 అంతస్తుల టవర్లో లిఫ్టులు, పంపులు, జనరేటర్ల ఖర్చు పంచుకోవాలి. వర్లీలో 12 ఏళ్ల పాటు నిర్వహణ మాడా చూసుకుంటుందన్నారు. తొలి 556 కుటుంబాలకు ఆ గడువు 2037లో తీరుతుంది.