ఆ మెలి రేకులు తుక్కు కాదు!

దుబాయ్‌లో ఒక లాండ్రీ బాయిలర్ షట్‌డౌన్ పనికి వెళ్లాం. నలుగురం తెలుగువాళ్లమే. గొట్టాల్లో మసి తీయాలి. ఒక్కో గొట్టంలో జడలా మెలితిరిగిన పొడవాటి ఇనుప రేకు ఉంది. కొత్తగా వచ్చిన తమ్ముడు వాటన్నిటినీ లాగి, తుక్కనుకుని స్క్రాప్ కుప్పలో పడేశాడు. మేమూ చూసుకోలేదు. గొట్టాలు తోమి, డోర్ బిగించి వచ్చేశాం.

మర్నాడు బాయిలర్ వెలిగిస్తే చిమ్నీ దగ్గర పొగ వేడి 290 డిగ్రీలు! మసి పట్టినప్పుడే 240 ఉండేది. తోమాక తగ్గాల్సింది పెరిగింది. తమ్ముడి జీతం కోస్తానని ఫోర్‌మన్ కేకలేశాడు. అప్పుడు వెలిగింది మాకు. డిప్లొమాలో టర్బ్యులేటర్ అని చదివింది ఆ రేకు గురించే!

అది చేసే పనేమిటి? ఇంట్లో అమ్మ పాలు చల్లార్చడం గుర్తుందా? గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి గరిటెతో తిప్పుతుంది. తిప్పకపోతే అంచున పాలు చల్లారతాయి, మధ్యలోవి వేడిగానే ఉంటాయి. గొట్టంలో పొగా అంతే. గోడను ఆనుకున్న పలుచని పొర మెల్లగా కదులుతూ దుప్పటిలా అడ్డుపడుతుంది. మధ్యలో పోయే పొగ తన వేడిని నీళ్లకు ఇవ్వకుండానే చిమ్నీ దారి పడుతుంది. మెలి రేకు ఆ పొగను సుడి తిప్పి గోడకు చేరుస్తుంది. విథమ్ అనే ఇంజినీరు 1896లోనే ఇలాంటి రేకులను బాయిలర్ గొట్టాల్లో పెట్టి పరీక్షించారు.

చిమ్నీ వేడి ఇరవై డిగ్రీలు పెరిగితే సుమారు ఒక శాతం ఇంధనం దండగని లెక్క. రోజూ మండే డీజిల్‌లో అది చిన్న డబ్బు కాదు.

అలాగని ఇష్టమొచ్చినన్ని పెట్టకూడదు. సుడి తిరిగే పొగను తోయడానికి ఫ్యాన్‌కు భారం ఎక్కువ. గాలి చాలకపోతే మంట మసి కక్కుతుంది. పొగ మరీ చల్లారితే ఇంధనంలోని గంధకం ఆమ్లమై, చెమ్మలా చేరి ఇనుమును తినేస్తుంది. అందుకే తయారీదారు చెప్పిన సైజే, చెప్పినన్నే పెట్టాలి.

స్క్రాప్ బండి ఇంకా రాలేదు కాబట్టి బతికిపోయాం. బాయిలర్ చల్లారాక రేకులన్నీ ఏరి, తోమి, మళ్లీ దూర్చాం. వేడి 220కి దిగింది. "వాడికి చెప్పకపోవడం మా తప్పు, కోస్తే మా జీతం కోయండి" అని మేం నిలబడ్డాక ఫోర్‌మన్ కోత మాట ఎత్తలేదు.

సోదరులారా, బాయిలర్ డోర్ తీసినప్పుడు రేకులు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. బిగించే ముందు మళ్లీ లెక్క చూడండి. కొత్తగా వచ్చినవాడికి బ్రష్ ఇచ్చేటప్పుడే ఆ రేకు ఎందుకుందో కూడా చెప్పండి.