మూడేళ్లు దుఃఖించాలా, గిన్నె వాయిస్తూ పాడాలా? కన్ఫ్యూషియస్, జ్వాంగ్‌జీ

ఈ ఎపిసోడ్‌లో చైనా వెళ్దాం. కన్ఫ్యూషియనిజం, తావోయిజం. ఈ రెండింటినీ చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: మొదటిది రూల్స్, రెండోది ఫ్రీడమ్. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

మా నాయనమ్మ పోయినప్పుడు పదకొండు రోజులూ ఊళ్లోనే ఉండాలన్నారు నాన్న. ఆఫీసులో ఇచ్చింది మూడు రోజుల సెలవు. నాలుగో రోజు పొద్దున్నే వెనక గదిలో లాప్‌టాప్ పెట్టుకుని మీటింగ్‌లో కూర్చున్నాను. వసారా నిండా చుట్టాలు. నాకు ఏడుపు కూడా రాలేదు. అది తప్పా? అప్పట్నించీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

దాదాపు ఇదే ప్రశ్న 2500 ఏళ్ల కిందట కన్ఫ్యూషియస్ ముందుకొచ్చింది. ఆయన కాలం క్రీ.పూ. 551 నుంచి 479. ఊరు చూఫూ, ఇప్పటి షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఉంది. అప్పట్లో తల్లిగానీ తండ్రిగానీ పోతే మూడేళ్లు సంతాపం పాటించాలి. జాయ్ వో అనే శిష్యుడు వచ్చి, ఏడాది చాలదా గురువుగారూ అన్నాడు. మూడేళ్లు అన్నీ ఆపేస్తే సంగీతం పాడవుతుంది, పద్ధతులు పాడవుతాయి, పైగా ఏడాదిలో పాత ధాన్యం అయిపోయి కొత్తది వచ్చేస్తుంది కదా అని వాదించాడు. నిజం చెప్పాలంటే నాకు ఇతని లాజిక్ బాగానే నచ్చింది.

కన్ఫ్యూషియస్ రూల్ బుక్ తీయలేదు. మంచి అన్నం తిని, పట్టుబట్టలు కట్టుకుంటే నీ మనసుకు హాయిగా ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాడు శిష్యుడు. అయితే అలాగే చెయ్యి అన్నాడు. అతను వెళ్లిపోయాక మాత్రం బాధపడ్డాడు: బిడ్డ అమ్మానాన్నల చంక దిగడానికి మూడేళ్లు పడుతుంది, ఇతనికి ఆ ప్రేమ దొరకలేదా అని.

ఇక్కడ రెండు మాటలు పట్టుకోండి. ఒకటి ‘లీ’. కర్మకాండ నుంచి పలకరింపు దాకా మనిషి నడవాల్సిన పద్ధతి అంతా లీ. రెండోది ‘రెన్’, అంటే సాటి మనిషి పట్ల మనసు. చైనా లిపిలో ఆ అక్షరం రాయాలంటే ‘మనిషి’ గుర్తు పక్కన ‘రెండు’ గుర్తు వేస్తారు. లోపల రెన్ లేకపోతే పైన లీ ఎంత ఉన్నా ఆయన దృష్టిలో డొల్లే.

ఇక తావోయిజం. ‘తావో’ అంటే దారి. కన్ఫ్యూషియస్ కూడా ఆ మాట వాడాడు, కాకపోతే ఆయనకది మనుషులు నడిచే దారి. వీళ్లకు సృష్టి మొత్తం నడిచే దారి. దానికి అడ్డం పడకుండా, బలవంతం చేయకుండా ఉండటమే ‘వూ వెయ్’. మంచం దిగకపోవడం కాదు, ఆ పొరపాటు చాలామంది చేస్తారు. లావోత్సు పేరు మీదున్న తావో తె చింగ్ సుమారు ఐదువేల అక్షరాల చిన్న పుస్తకం. అసలు లావోత్సు అనే మనిషి ఉన్నాడా అన్నదే పండితులకు అనుమానం.

నాకు ఎక్కువ ఇష్టం జ్వాంగ్‌జీ, క్రీ.పూ. 4వ శతాబ్దం. ఆయన పేరుతో ఉన్న పుస్తకంలో ఒక కథ. భార్య పోయింది. స్నేహితుడు హుయిజీ పరామర్శకు వస్తే, ఈయన కాళ్లు బార్లా చాపుకుని గిన్నె బోర్లించి వాయిస్తూ పాడుతున్నాడు! నీతో కాపురం చేసింది, పిల్లల్ని పెంచింది, ఏడవకపోతే పోనీ, పాటేంటయ్యా అని హుయిజీ మందలించాడు. జ్వాంగ్‌జీ జవాబు ఏంటంటే, మొదట నేనూ అందరిలాగే కుమిలిపోయాను. తర్వాత ఆలోచిస్తే, ఆమె పుట్టకముందు రూపం లేదు, ‘చీ’ అనే ప్రాణశక్తీ లేదు. అవి వచ్చాయి, మారాయి, ఇప్పుడు మళ్లీ మారాయి, రుతువుల్లాగా. అది తెలిశాక ఏడుపు ఆపేశాను.

గిన్నె సంగతే అందరూ చెప్తారు, మొదట కుమిలిపోయాడన్నది వదిలేస్తారు. అలాగే అటువైపు, ప్రియశిష్యుడు యెన్ హుయి చనిపోయినప్పుడు కన్ఫ్యూషియస్ హద్దు దాటి ఏడ్చాడు. మిగతా శిష్యులు ఆ మాటే అంటే, ఇతని కోసం కాకపోతే ఇంకెవరి కోసం ఏడవాలి అన్నాడు. పద్ధతుల గురువే పద్ధతి తప్పాడు!

తర్వాత రాజ్యాలు ఈ సంతాపాన్ని చట్టం చేసేశాయి. మింగ్ కాలంలో తల్లిదండ్రులు పోతే అధికారి 27 నెలలు ఉద్యోగం వదిలి ఇంటికెళ్లాలి. 1577లో ప్రధాన మంత్రి స్థాయిలో ఉన్న జాంగ్ జూజెంగ్ తండ్రి పోయాడు. చక్రవర్తి ఆయన్ను పదవిలోనే ఉంచేశాడు. ఇది అన్యాయమని రాసిన అధికారుల్ని కర్రలతో కొట్టించారు.

నా మూడు రోజుల సెలవు తల్చుకుని ఇది రెండుసార్లు చదివాను. ఏడుపు మాత్రం నాకు ఐదు నెలల తర్వాత వచ్చింది, బస్సులో, ఎవరో నాయనమ్మలాగే దగ్గితే.