పిల్లలకు ‘షుగర్’ అంటే ఏమిటో చెప్పండి

“నానమ్మకు షుగర్ ఉంది” అని పెద్దవాళ్ళు అనుకుంటుంటే ఇంట్లో పిల్లలు వింటూనే ఉంటారు. వారికి తెలిసిన షుగర్ వంటింటి డబ్బాలోని పంచదార. అందుకే కొందరు పిల్లలు ఆ డబ్బా నానమ్మ కంటపడకుండా దాచేస్తారు. కొందరు నానమ్మ గ్లాసుతో నీళ్ళు తాగితే తమకూ అంటుకుంటుందని భయపడతారు. ఈ ఒక్క మాటకు మూడు అర్థాలున్నాయని వారికి విడమరచి చెప్పండి.

1. డబ్బాలోని షుగర్: టీలో, పాయసంలో వేసుకునే పంచదార.

2. రక్తంలోని షుగర్: దీని పేరు గ్లూకోజ్. పంచదారే కాదు, అన్నం, రొట్టె, అరటిపండు కూడా అరిగి గ్లూకోజ్‌గా మారతాయి. ఆడుకోవడానికి, చదువుకోవడానికి కావలసిన శక్తి దీని నుండే వస్తుంది. ఇది అందరి రక్తంలోనూ ఉంటుంది. వేలు గుచ్చి పరీక్ష చేసి చెప్పే అంకె దీనిదే.

3. షుగర్ జబ్బు: దీనిని మధుమేహం అంటారు. గ్లూకోజ్ శరీర కణాలలోకి వెళ్ళడానికి ఇన్సులిన్ తాళంచెవి వంటిది. అది తగినంత లేకపోయినా, సరిగా పనిచేయకపోయినా గ్లూకోజ్ రక్తంలోనే ఎక్కువగా నిలిచిపోతుంది. ఇది అంటువ్యాధి కాదు. నానమ్మ పక్కన పడుకోవచ్చు, ఆమె కంచంలో తినవచ్చు. చిన్నపిల్లలకు ఎక్కువగా వచ్చే టైప్ 1 రకం మిఠాయిలు తిన్నందువల్ల వచ్చేది కాదు. కాబట్టి ఆ జబ్బు ఉన్న తోటి పిల్లలను ఎగతాళి చేయకూడదని కూడా చెప్పండి.

ఈ మూడు అర్థాలు ఎందుకు తెలియాలి? ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో షుగర్ 70 కంటే తగ్గిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు దీని గుర్తులు. అప్పుడు పిల్లలు దాచిన ఆ పంచదారే మందు! మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే 3 లేక 4 చిన్న స్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి. 15 నిమిషాలలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక భోజనం పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలి.

పంచదార డబ్బా ఎక్కడుంటుందో ఈరోజే పిల్లలకు చూపించండి. “నానమ్మకు చెమటలు పట్టి వణుకుతుంటే ఏం చేస్తావు?” అని అడగండి. “పెద్దవాళ్ళను పిలుస్తాను, పంచదార డబ్బా తెస్తాను” అని చెప్పగలిగేవరకు మళ్ళీ మళ్ళీ నేర్పండి.