ఫొటో దిగడానికి స్టూడియోకి వెళ్తున్నారా?

ఒకసారి మీ ఇంట్లోని ఆల్బమ్ తిరగేయండి. పిల్లల పుట్టినరోజులు, ఆడపడుచు పెళ్లి, అన్నప్రాశనలు... అన్నీ ఉంటాయి. మరి మీరొక్కరే నిండుగా ఉన్న ఫొటో? చాలా ఇళ్లల్లో అమ్మ ఫొటో కావలసి వస్తే, ఏ పెళ్లి గ్రూప్ ఫొటోలోంచో కత్తిరించి పెద్దది చేయించాల్సిందే! మీ పిల్లలకు ఆ అవస్థ ఎందుకు? ఒక్క పూట తీరిక చేసుకోండి.

కనుబొమలు తీర్చుకోవడం, ఫేషియల్ రెండు మూడు రోజుల ముందే కానివ్వండి. అదే రోజయితే చర్మం కంది ఉంటుంది. సన్నగళ్లు, సన్నచారల చీరలు వద్దు. డిజిటల్ కెమెరాలో అలలు అలలుగా కనిపించవచ్చు. ఒకే రంగు, చిన్న అంచు చీరయితే చూపు ముఖం మీదే నిలుస్తుంది. కొత్త జాకెట్టు ముందే ఒకసారి తొడిగి, కూర్చుని చూసుకోండి.

జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ ఆ పూటకు మానండి. ఫ్లాష్ వెలుగులో ముఖం పాలిపోయినట్టు పడుతుంది. రోజూ కళ్లజోడు పెట్టుకునేవారు తీసేయకండి. అద్దాల మీద మెరుపు పడుతుంటే గడ్డం కాస్త దించితే చాలు.

చివరగా, ముడతలన్నీ చెరిపేయొద్దని ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి. రేపు మీవాళ్లు వెతుక్కునేది ఆ ముఖాన్నే కదా!